కూర్చుని తొక్కితేనా, లేచి తొక్కితేనా? కొర్లగుంటలో బోర్డు లేని సైకిల్ షాపు

నా సైకిలు నాలుగు నెలల పాటు టిక్కు టిక్కుమంది. పెడలు ఒక చుట్టు తిరిగితే ఒక టిక్కు. పొద్దున ఆరున్నరకు తిరుపతి జూపార్కు రోడ్డులో మనుషులు తక్కువ, చెట్లు ఎక్కువ. ఆ నిశ్శబ్దంలో ఈ టిక్కు వింటూ పదకొండు కిలోమీటర్లు తొక్కి బడికి చేరేసరికి తలనొప్పి వచ్చేది. లెక్కల టీచర్ని, ఊరుకోలేక లెక్కబెట్టాను. నా సైకిలుకు ముందు పళ్ల చక్రం ఒక్కటే, 38 పళ్లు. వెనక 19 పళ్ల గేరులో పెడితే పెడలు ఒకసారి తిరిగేలోపు చక్రం సరిగ్గా రెండు చుట్లు తిరగాలి. టిక్కు మాత్రం ఒకటే వస్తోంది. కాబట్టి జబ్బు చక్రంలో లేదు, పెడళ్ల దగ్గరే ఉంది అని తేల్చేశాను. ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పినంత నమ్మకంగా మా ఆయనకు కూడా చెప్పాను.

ఊళ్లో ఒక పెద్ద షోరూములో చూపిస్తే వాళ్లూ అదే అన్నారు. పేరెందుకులెండి. బీబీ పోయిందన్నారు, అంటే పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు. కొత్తది వేసి 1,850 రూపాయలు తీసుకున్నారు. రెండు రోజులు సైకిలు నోరు మూసుకుంది. మూడో రోజు చెర్లోపల్లి దాటగానే మళ్లీ టిక్కు. రెండోసారి పోతే ఈసారి చైనూ, వెనక పళ్ల చక్రాలూ మొత్తం మార్చాలన్నారు, 3,400 అవుతుందట. అంతసేపూ నాతో మాట్లాడిన కుర్రాడు డబ్బు మాట వచ్చేసరికి మా ఆయన వైపు తిరిగాడు. మా ఆయన సైకిలెక్కి ఇరవై ఏళ్లయింది. నాకు తోడుగా వచ్చాడంతే, పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు.

మా బడి అటెండరు చెప్పాడు, కొర్లగుంటలో ఒక మేస్త్రీ ఉన్నాడని. బోర్డు లేదు, ఫోన్ నంబరు లేదు. మెయిన్ రోడ్డు మీద నుంచి సందులోకి తిరిగితే వేపచెట్టు కింద రేకుల షెడ్డు, చూరుకు దండల్లా వేలాడే పాత టైర్లు. లోపలి గోడకు మోకాలెత్తున నల్ల పెయింటుతో ఒక గీత. 2021 నవంబరు వరదల్లో నీళ్లు అంతవరకూ వచ్చాయని మేస్త్రీయే గీసి పెట్టుకున్నాడు. అప్పటి నుంచి బాల్ బేరింగుల డబ్బాలన్నీ గీతకు పైనే ఉంటాయి.

సైకిలు స్టాండేసి నా లెక్కంతా చెప్పబోయాను. 38, 19 అనగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు. "అదంతా సరేలేమ్మా. కూసోని తొక్కేటప్పుడొస్తాందా, లేసి తొక్కేటప్పుడొస్తాందా?"

నాలుగు నెలల్లో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు. "పోయి సూసిరా" అన్నాడు. సందు చివరి దాకా కూర్చుని తొక్కాను, టిక్కు టిక్కు. వచ్చేటప్పుడు లేచి నిలబడి తొక్కాను. చప్పుడే లేదు. పెడళ్ల మీద బరువు ఎక్కువ పడేది లేచి తొక్కినప్పుడే కదా, అప్పుడు మూగబోయిందంటే పెడళ్ల తప్పు ఎట్లా అవుతుంది? సిగ్గనిపించింది. కూర్చుని తొక్కినప్పుడు కాలు మార్చిన ప్రతిసారీ నడుము ఇటూ అటూ కదిలి సీటు మీద బరువు మారుతుంది. అందుకే చప్పుడు పెడళ్లతో తాళం కలిపి వచ్చింది. నా లెక్కా తప్పు కాదు, షోరూము వాళ్లూ చెవిటివాళ్లు కాదు. అందరం ఒకే చోట చూశాం.

తరవాత ఆయన చేసిన పని చూసి నేను ఆ షాపుకు కట్టుబడిపోయాను. సీటు కింది గొట్టం బయటికి తీసే ముందు, అది ఫ్రేములోకి దిగే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టాడు. మళ్లీ పెట్టేటప్పుడు నా ఎత్తు నాకు రావాలి గదా, అందుకు. నాకు తెలిసి ఇంకే షాపులోనూ ఈ పని చేయలేదు. సీటు తీస్తారు, తోచిన ఎత్తులో బిగిస్తారు, వారం తరవాత మోకాళ్లు నొప్పెడితే వయసనుకుంటాం. గొట్టం బయటికొచ్చాక చూస్తే పిండి రాసినట్టు తెల్లటి పొడి. అల్యూమినియం తుప్పు అట్లాగే ఉంటుంది, ఎర్రగా ఉండదు. వాన నీళ్లు, చెమట దిగి గొట్టం లోపల ఎండిపోయి రాసుకుంటోంది. ఇంకో రెండేళ్లు అట్లాగే వదిలేస్తే గొట్టం ఫ్రేముకు అతుక్కుపోయేదని, అప్పుడు రంపంతో కోయాల్సి వచ్చేదని చెప్పాడు. గుడ్డతో తుడిచి, లోపలా బయటా గ్రీజు రాసి, టేపు గుర్తు దాకా దింపి బిగించాడు. పదిహేను నిమిషాలు. ఇరవై రూపాయలు.

షోరూములో రెండు రోజులు ఎందుకు ఆగిందో కూడా ఆయనే చెప్పాడు. వాళ్లు సైకిలును గాలిలో నిలబెట్టే స్టాండుకు బిగించేది సీటు గొట్టాన్నే. అప్పుడది కాస్త కదిలి చోటు మారి ఉంటుంది.

చైను సంగతి అడిగాను, 3,400 అంచనా ఉంది కదా. గోడకు మేకుకు తగిలించిన ఇనుప స్కేలు తీశాడు. మేం బళ్లో వాడే పన్నెండంగుళాలదే. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు సరిగ్గా అర అంగుళం. కొత్త చైనుకు 24 లింకులు లెక్కపెడితే పన్నెండు అంగుళాలు కచ్చితంగా రావాలి. అరిగే కొద్దీ సాగుతుంది. పన్నెండు దాటి అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా పోనిస్తే వెనక పళ్లు కూడా తినేసి ఉంటుంది, అప్పుడు రెండూ మార్చక తప్పదు. నాది పన్నెండు మీద సన్న గీతంత జరిగింది. "ఇంకో వెయ్యి కిలోమీటర్లకు దిగుల్లేదు. దుడ్లు ఊరికే వచ్చినాయా?" అన్నాడు. నేను ఇంటికెళ్లి లెక్క వేశాను. పన్నెండు అంగుళాలకు అంగుళంలో పదహారో వంతు సాగిందంటే 0.52 శాతం. చైను అరుగుదల చూడటానికి బజారులో అమ్మే సన్న రేకు పరికరాల మీద 0.5 అని రాసి ఉండేది ఇదే. మరుసటి రోజు సైకిలును తరగతి గదిలోకే తోసుకుపోయి భిన్నాల పాఠం చెప్పాను. వెనక బెంచీ వాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారు. చేతులకు నూనె మరకలు చేసుకున్నందుకు హెడ్‌మిస్ట్రెస్ దగ్గర నాకే అక్షింతలు పడ్డాయి.

అక్కడితో అయితే ఇంత రాయను. రెండో పని అసలైన పరీక్ష. వెనక చక్రంలో మూడు వారాల్లో రెండు పుల్లలు విరిగాయి, రెండూ గేర్ల వైపువే. విరిగిన పుల్ల మార్చి పంపడం ఎవరైనా చేస్తారు. ఈయన చక్రం విప్పి ఒళ్లో పెట్టుకుని, తంబుర మీటినట్టు ఒక్కో పుల్లనూ వేలితో మీటుకుంటూ పోయాడు. కొన్ని టంగుమన్నాయి, కొన్ని డబ్ అని చచ్చిన చప్పుడు చేశాయి. నేను బిగువెక్కువై తెగాయనుకుంటున్నా. ఆయన తల అడ్డంగా ఊపాడు. బిగువుగా ఉన్న పుల్ల విరగదట, వదులుగా ఉన్నదే విరుగుతుందట. చక్రం తిరిగేటప్పుడు నేలకు తగిలే వైపు పుల్ల ప్రతి చుట్టుకూ కాస్త బిగువు కోల్పోయి మళ్లీ తెచ్చుకుంటుంది. ముందే వదులుగా ఉన్నదైతే పూర్తిగా జారి మళ్లీ ఒక్కసారిగా లాగబడుతుంది. తీగను ఇటూ అటూ వంచి వంచి తుంచినట్టే, హబ్బు దగ్గర వంపు తిరిగిన చోట తెగిపోతుంది. నా బరువు 64 కిలోలు, సంచిలో పరీక్ష పేపర్లు ఇంకో ఆరు కిలోలు. తప్పు నా బరువుది కాదని తెలిశాక వచ్చిన సంతోషం నేను దాచుకోదలచుకోలేదు.

గేర్ల వైపు పుల్ల మార్చాలంటే పళ్ల చక్రాలు ఊడదీయాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్లుంటాయి. ఈయన పాత చైను ముక్కనొకదాన్ని ఇనుప పట్టీకి రివిట్ కొట్టి సొంతంగా తయారు చేసుకున్నాడు. రెండు కొత్త పుల్లలు వేసి, మొత్తం చక్రం బిగువు సరిచేసి, బెండు తీసి 280 రూపాయలు తీసుకున్నాడు. ఆ తరవాత ఒక్క పుల్లా విరగలేదు. ఏడు నెలలైంది.

ఇప్పుడు తిట్లు.

మొదటిది, ఆయన నోట "రేపు సాయంత్రం" అంటే మూడో రోజు. చక్రం పని అయ్యేదాకా బస్సుల్లో తిరిగాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగులో టికెట్టు లేదు కాబట్టి డబ్బు పోలేదు, కానీ కాలు పెట్టే చోటుండదు. ఫ్రీ బస్సుండగా సైకిలెందుకు టీచరమ్మా అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

రెండోది నూనె. చైనుకు నూనె వేయడమంటే ఆయన దృష్టిలో అభిషేకం. పాల వాళ్ల హెర్క్యులిస్ సైకిళ్లకు అట్లా వేస్తే సరిపోతుందేమో. గేర్ల సైకిలుకు అంత నూనె వేస్తే దుమ్ము పట్టి నల్లటి ముద్ద అవుతుంది, ఆ దుమ్మే ఇసుక కాగితంలా చైనును తింటుంది. ఒక్కో లింకుకు ఒక్క చుక్క, ఆపైన పొడిగుడ్డతో తుడవాలి అని నాలుగుసార్లు చెప్పాను. నవ్వుతాడు. నేను ఇంటికొచ్చి తుడుచుకుంటాను. చైను సాగితే స్కేలుతో కొలిచే మనిషికి ఇదెందుకు ఎక్కదో నాకర్థం కాదు.

మూడోది, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులు పట్టుకోడు, ట్యూబ్‌లెస్ టైర్లు ముట్టుకోడు. తెలియని పని చేయనని ముఖం మీదే చెబుతాడు. అవి ఉన్నవాళ్లు షోరూముకే పోండి, వాళ్లకు ఆ పనిముట్లున్నాయి, వారంటీ ఉంది. రోడ్డు సైకిళ్లకు ఉండే సన్న మూతి వాల్వు ట్యూబులు కూడా ఈయన దగ్గర దొరకవు. గాలి కొట్టడానికి ఇత్తడి అడాప్టరు మాత్రం ఉంది, ఆదివారాలు నాతో తొక్కే గుంపులోని బ్యాంకు ఆయన ఇచ్చిందే. గాలి మీటరుతో పనిలేదు, బొటనవేలే మీటరు. ఒకసారి నేను మీటరు తీసుకుపోయి పందెం కాశాను. నొక్కి చూసి యాభై ఐదన్నాడు. మీటరు 57 చూపించింది. టీ నేనే ఇప్పించాను.

కొందరికి కోపం తెప్పించేది ఇంకొకటుంది, నాకైతే అది తప్పనిపించదు. ఆయనకు వరుస క్రమం వేరు. లక్ష పెట్టి కొన్న సైకిలు ముందొచ్చినా సరే, పూలబుట్ట కట్టిన సైకిలు పంచరై వస్తే దాన్నే మొదట చూస్తాడు. ఒక ఆదివారం బ్యాంకాయన గట్టిగానే అడిగాడు, ముందొచ్చింది నేను కదా అని. "పూలు వాడిపోతాయి సార్, నీ సైకిలు వాడిపోదు గదా" అన్నాడు మేస్త్రీ, తలెత్తకుండానే.

ఆదివారం అన్నాను కాబట్టి అదీ చెప్పాలి. షెడ్డు ముందు ఒక బల్ల, రెండు పాత లారీ టైర్లు వేసి ఉంటాయి. ఆదివారం పొద్దున తొక్కి వచ్చినవాళ్లం అక్కడే కూలబడతాం. చంద్రగిరి కోట దాకా పోయి రావడం మామూలు. ఓపికుంటే భాకరాపేట ఘాట్ ఎక్కుతాం. చీకటితో బయలుదేరడం మానేశాం. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపినప్పటి నుంచి, తెల్లారకుండా జూపార్కు రోడ్డెక్కుతానంటే మా ఇంట్లో ఒప్పుకోరు.

మా గుంపు నలుగురే. బ్యాంకాయన, క్యారేజి రిపేర్ షాపులో ఫిట్టరుగా రిటైరైన రైల్వే ఆయన, ఒక మెడికో కుర్రాడు, నేను. రైల్వే ఆయనకు దూరాల పిచ్చి. బీఆర్ఎమ్ అని, గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు సవారీలుంటాయి. వాటిలో 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి, 300 అయితే ఇరవై గంటలు, 600 అయితే నలభై. దారిలో పంచరైనా, నిద్రొచ్చినా గడియారం ఆగదు. ఆయన 300 దాకా చేశాడు. 2027లో ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్, పన్నెండు వందల కిలోమీటర్లది, తొంభై గంటల్లో పూర్తి చేయాల్సింది, దానికి పోవాలని ఆయన కోరిక. ఇంట్లో ఇంకా చెప్పలేదు. మాకు మాత్రం ప్రతి వారం చెబుతాడు.

బ్యాంకాయనకు రేసుల పిచ్చి. జులై వచ్చిందంటే టూర్ ద ఫ్రాన్స్. రోజూ రేసు ముగిసేసరికి మనకు రాత్రి తొమ్మిదవుతుంది, సరిగ్గా అన్నం వేళ. ఆ మూడు వారాలూ ఆయన ఇంట్లో కూర చల్లారిపోతుందని వాళ్లావిడ నాతో మొరపెట్టుకుంది. పొగాచర్ అంటే ఆయనకు దేవుడు. 2024లో ఇటలీ రేసు, ఫ్రాన్స్ రేసు, ప్రపంచ పోటీ మూడూ ఒకే ఏడాదిలో గెలిచాడు కదా. అంతకు ముందు మగవాళ్లలో ఆ పని చేసింది ఇద్దరే, 1974లో ఎడ్డీ మెర్క్స్, 1987లో స్టీఫెన్ రోష్. ఇదంతా ఒక రోజు బ్యాంకాయన బల్ల మీద కూర్చుని మేస్త్రీకి వివరిస్తున్నాడు. రేసు సైకిలు బరువు 6.8 కిలోలకు తగ్గకూడదని రూలుందని, తయారీవాళ్లు ఆ గీత దాకా ఎట్లా తేవాలా అని గ్రాములు లెక్కపెడతారని చెప్పాడు. మేస్త్రీ అప్పుడు ఒక పాత హెర్క్యులిస్ వెనక చక్రం బిగిస్తున్నాడు. వాటికి ముందు 32 పుల్లలు, వెనక 40. అంతా విని అడిగాడు, "ఆ సైకిలుకు స్టాండుంటాదా సార్?"

లేదన్నాడు బ్యాంకాయన.

"క్యారియరు?"

అదీ లేదు.

"మరి టిఫిన్ బాక్సు యాడ పెట్టుకుంటాడు?"

మెడికో కుర్రాడికి టీ పొలమారింది.

నేను సైకిలు నేర్చుకున్నది పాకాలలో, గంటకు రూపాయి అద్దె సైకిలు మీద. కడ్డీ కింద కాలు దూర్చి దొంగతొక్కుడు. గంట దాటితే మా అమ్మ దగ్గర రెండో రూపాయి అడగాలి, అందుకని బజారు గడియారం చూస్తూ తొక్కేదాన్ని. పెళ్లయి తిరుపతి వచ్చాక పద్దెనిమిదేళ్లు సైకిలు ముట్టలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఏ షాపుకు పోయినా "పాపకా మేడమ్, బాబుకా?" అనే అడిగారు. కొర్లగుంటలో మాత్రం మొదటి రోజే నా సీటు ఎత్తు చూసి "రోజూ ఎంత దూరం తొక్కుతావమ్మా?" అని అడిగాడు. టేపు గుర్తుతో పాటు నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే.

పోవాలనుకునేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. ఎనిమిదిన్నరకు ముందు పోతే తాళం ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఉండడు, మే నెలలో అయిదు దాకా. మే అంటే గుర్తొచ్చింది, తాతయ్యగుంట గంగమ్మ జాతర వారంలో షాపు వైపే పోకండి. ఆ వారమంతా ఆయన వేషాల్లో ఉంటాడు. పోయినేడు బ్రేకు వైరు కోసం పోయి, షెడ్డు ముందు ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుని వేపమండలు పట్టుకున్న మనిషిని మేస్త్రీ ఎక్కడండీ అని అడిగాను. "జాతర అయినాక రామ్మా" అన్నాడు. గొంతును బట్టి గుర్తుపట్టాను.

బిల్లు ఇవ్వడు. క్యూఆర్ స్టిక్కరు ఉంది, కొడుకు అంటించాడు. డబ్బు ఆ కొడుకు ఖాతాలోకే పోతుందట, అందుకని స్కాన్ చేస్తే ఆయన ముఖం చిన్నబోతుంది. చిల్లర తీసుకుపోండి.